హై-గెయిన్ ట్యూబ్ ఆంప్‌లో మంచి టోన్ తీయడం: పీవీ 6505 మీద మొదటి నుంచి చివరిదాకా

గదిలో ఒక్కరే వాయించుకుంటున్నప్పుడు కిటికీలు అదిరిపోయేలా వినిపించిన గిటారు, డ్రమ్స్ మొదలవగానే ఎటు పోయిందో తెలియదు. వాల్యూమ్ పెంచితే గోల పెరుగుతుంది తప్ప రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటారు వరస) మాత్రం వినపడదు. హై-గెయిన్ ఆంప్ చేతికొచ్చిన కొత్తలో దాదాపు అందరికీ ఎదురయ్యే ఇబ్బంది ఇదే. దీనికి కారణం ఎక్కువగా నాబ్‌లను అర్థం చేసుకోవడంలోనే ఉంటుంది. ఆంప్ ముఖం మీద అవన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి కానీ, లోపల కొన్ని డిస్టార్షన్ పుట్టకముందు పనిచేస్తాయి, కొన్ని పుట్టిన తర్వాత పనిచేస్తాయి.

రోటి పచ్చడినే తీసుకోండి. రోట్లో వేసి నూరినదాన్ని మళ్లీ విడదీయలేం. తాలింపు అలా కాదు, పైనుంచి వేస్తాం కాబట్టి ఎంత కావాలో ఆఖర్న చూసుకోవచ్చు. ఆంప్‌లో గెయిన్ స్టేజీలే, అంటే సిగ్నల్‌ను పెంచుతూ డిస్టార్షన్ పుట్టించే అంచెలే, ఆ రోలు. ఏది రోట్లోకి వెళ్తోంది, ఏది పైన పడుతోంది అన్నది తెలిస్తే టోన్ పని సగం అయిపోయినట్టే. ఈ వ్యాసమంతా ఆ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

ఉదాహరణకు పీవీ కంపెనీ 6505 తీసుకుంటున్నాను. 1992లో రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ కోసం జేమ్స్ బ్రౌన్ అనే ఇంజనీరు డిజైన్ చేసిన 5150 హెడ్డే (స్పీకర్ లేని విడి ఆంప్) ఇది. 2004లో వాన్ హేలెన్ ఆ కంపెనీ నుంచి విడిపోయాక పేరు మారింది. పీవీ మొదలైన 1965, నలభై ఏళ్లు నిండిన 2005, ఈ రెండిటి నుంచి 6505 వచ్చింది. ప్రీ ఆంప్‌లో (సిగ్నల్‌ను పెంచి టోన్ తయారుచేసే ముందు భాగం) ఐదు 12ఏఎక్స్7 ట్యూబులు, పవర్ ఆంప్‌లో (స్పీకర్‌ను నడిపే చివరి భాగం) నాలుగు 6ఎల్6 ట్యూబులు, 120 వాట్లు. మెటల్ వాయించేవాళ్లలో దీని శబ్దం తెలియనివాళ్లు తక్కువ. మీ దగ్గర వేరే ఆంప్ ఉన్నా పద్ధతి ఇదే, తేడా వచ్చే చోట చెబుతాను.

ఆన్ చేసేముందు

ట్యూబ్ ఆంప్‌ను స్పీకర్ తగిలించకుండా ఎప్పుడూ వాయించకూడదు. లోపలి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది, ఆంప్‌లో ఖరీదైన భాగాల్లో అదొకటి. వెనక ఉన్న 16, 8, 4 ఓమ్‌ల స్విచ్ క్యాబినెట్ మీద రాసి ఉన్న అంకెతో సరిపోవాలి. 16 ఓమ్‌ల క్యాబినెట్లు రెండు కలిపితే స్విచ్ 8 దగ్గర ఉండాలి. హెడ్ నుంచి క్యాబినెట్‌కు వేసే కేబుల్ కూడా స్పీకర్ కేబులే అయి ఉండాలి. గిటారు కేబుల్ చూడటానికి అలాగే ఉంటుంది కానీ లోపలి తీగ సన్నం, అంత కరెంటు మోయలేదు.

అమెరికా నుంచి తెప్పించుకున్న హెడ్ అయితే ఇంకో మాట. అది 120 వోల్టులది, మన ప్లగ్గులో 230 ఉంటుంది. నేరుగా పెడితే మొదటికే మోసం. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనేటప్పుడు ఆంప్ వెనక రాసి ఉన్న వాట్లకు కనీసం రెట్టింపు సామర్థ్యం ఉన్నది తీసుకోండి. వోల్టేజీ పడిపోయే ఏరియాలో ఉంటే స్టెబిలైజర్ కూడా అవసరమే. 230 కాస్తా 200కు దిగితే ట్యూబుల హీటర్‌కు అందాల్సిన 6.3 వోల్టులు అయిదున్నర దగ్గరకు వచ్చేస్తాయి. అప్పుడు శబ్దంలో బిగువు పోతుంది, మీరేమో నాబ్‌లు తిప్పుతూ కూర్చుంటారు. ఎర్తింగ్ లేని ప్లగ్గులో అసలు పెట్టొద్దు. హమ్ తగ్గుతుందని మూడో పిన్ను తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు, అది ప్రాణం మీదకు తెస్తుంది.

చెవుల సంగతీ ఇప్పుడే చెప్పేస్తాను. అమెరికా ఆరోగ్య సంస్థ నియాష్ లెక్క ప్రకారం 100 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 15 నిమిషాలకు మించి ఉండకూడదు. ఈ హెడ్డు, నాలుగు పన్నెండు అంగుళాల స్పీకర్ల క్యాబినెట్టు కలిస్తే ఆ హద్దు దాటడం చాలా తేలిక. ఇయర్‌ప్లగ్స్ పెట్టుకునే వాయించండి.

గిటారు దగ్గర మొదలుపెట్టండి

రోట్లోకి ముందుగా పడేది గిటారు నుంచి వచ్చే సిగ్నలే. తీగలు పాతబడితే కొత్తవి వేయండి. మన ఉక్కపోతకు, చేతి చెమటకు తీగలు తొందరగా తుప్పు పడతాయి, తుప్పు పట్టిన తీగలో పిక్ తగిలే ఆ స్పష్టత ఉండదు. ట్యూనింగ్ కిందకు దించి వాయిస్తుంటే తీగలు మందంగా ఉండాలి. మామూలు ట్యూనింగ్‌కు 10–46 సెట్ (తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) చాలు, డ్రాప్ సీలో (అడుగు తీగను సీ స్వరం దాకా దించే ట్యూనింగ్) అవి వదులైపోతాయి. 11–54 లాంటిది వేస్తే పిక్ కొట్టగానే సుతి పైకి జారకుండా నిలబడుతుంది.

సుతి ఎందుకింత ముఖ్యమో అంకెల్లో చూడండి. డిస్టార్షన్‌లో రెండు స్వరాలు కలిస్తే, వాటి మధ్య తేడా ఎంతో అంత ఫ్రీక్వెన్సీ ఉన్న మూడో శబ్దం కొత్తగా పుడుతుంది. పవర్ కార్డ్ అంటే మూల స్వరం, దాని ఫిఫ్త్ కలిపి వాయించడం; ఏ (A) స్వరం మీద వాయిస్తే అందులో 110 హెర్ట్జ్, దాదాపు 165 హెర్ట్జ్ ఉంటాయి. తేడా 55. అంటే అదే స్వరం, ఒక ఆక్టేవ్ కింద. అందుకే పవర్ కార్డ్ అంత బలంగా వినిపిస్తుంది. అదే మేజర్ థర్డ్ వాయిస్తే 110, 138.6. తేడా 28.6 హెర్ట్జ్, అది ఏ స్వరానికీ సరిగ్గా అతకదు, కింద బురదలా గుడగుడలాడుతుంది. పవర్ కార్డే అయినా సుతి కొంచెం తప్పితే ఆ 55 కూడా పక్కకు జరుగుతుంది. చాలామంది ఆంప్ బాస్ బాగాలేదనుకునేది నిజానికి ఈ సుతి తప్పిన మూడో శబ్దం. ఇంటోనేషన్ (పై ఫ్రెట్లలో కూడా సుతి సరిగ్గా ఉండటం) సరిచూసుకోండి, ప్రతి రెండు పాటలకోసారి ట్యూనర్ చూడండి.

పికప్ ఎత్తు కూడా చూడండి. చివరి ఫ్రెట్ నొక్కిపట్టినప్పుడు తీగకూ బ్రిడ్జ్ పికప్‌కూ మధ్య రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే చాలు. మరీ దగ్గరగా ఉంటే సిగ్నల్ పెరుగుతుంది కానీ కింది తీగలు గజిబిజిగా కొడతాయి.

అన్నీ మధ్యలో పెట్టి, గెయిన్ 3 దగ్గర ఆపండి

లీడ్ ఛానెల్‌లో లో, మిడ్, హై మూడూ 5 దగ్గర, రెజొనెన్స్, ప్రెజెన్స్ కూడా 5 దగ్గర పెట్టండి. ప్రీ గెయిన్ (డిస్టార్షన్ ఎంతో నిర్ణయించే నాబ్) 3. పోస్ట్ గెయిన్ (ఛానెల్ వాల్యూమ్) మెల్లగా పెంచుతూ బ్యాండ్‌తో వాయించే స్థాయికి, కనీసం గదిలో భరించగలిగినంత వరకు తీసుకురండి.

తక్కువ వాల్యూమ్‌లో టోన్ సెట్ చేస్తే మోసపోతాం. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు: శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి బాస్, ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయి, మధ్యలోవి మాత్రం బాగానే వినిపిస్తాయి. అందుకే అర్ధరాత్రి చిన్నగా వాయించుకునేవాళ్లు మిడ్ తగ్గించి బాస్, ట్రెబుల్ పెంచేస్తారు. అదే సెట్టింగ్ రిహార్సల్ గదిలో పెద్దగా పెడితే కింద బాస్ గిటారుకు, కిక్ డ్రమ్‌కు అడ్డం పడుతుంది, పైన సింబల్స్‌తో కొట్లాడుతుంది, మధ్యలో గిటారు ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. డ్రమ్స్ రాగానే గిటారు మాయమైపోయేది ఇందుకే. అపార్ట్‌మెంట్‌లో ఉండి పెద్దగా వాయించలేకపోతే రియాక్టివ్ లోడ్ బాక్స్ (స్పీకర్ బదులు ఆంప్ శక్తిని తీసుకునే పెట్టె) తగిలించి, క్యాబినెట్ ఇంపల్స్ రెస్పాన్స్‌తో (క్యాబినెట్ శబ్దాన్ని అనుకరించే ఫైల్) హెడ్‌ఫోన్స్‌లో వినడం మంచి దారి. కానీ మిడ్ తగ్గించేముందు ఈ మాట గుర్తుంచుకోండి.

గెయిన్: వినే పద్ధతి

ఇక్కడ తొందరపడొద్దు. కింది ఇ తీగను అరచేతి అంచుతో బ్రిడ్జ్ దగ్గర ఆనించి, పామ్ మ్యూట్‌లో ఒక్కొక్క దెబ్బ విడివిడిగా కొట్టండి. ప్రతి దెబ్బలో మూడు భాగాలుంటాయి: పిక్ తీగను తాకే చిన్న టిక్, ఆ వెంటనే ఛాతీకి తగిలే గుద్దు, తర్వాత వచ్చే నిశ్శబ్దం. గెయిన్ 3 దగ్గర మూడూ విడివిడిగా వినిపించాలి. ఇప్పుడు మెల్లగా పెంచండి. 4, 5 దగ్గర గుద్దు నిండుగా అవుతుంది, స్వరం ఎక్కువసేపు నిలబడుతుంది. ఇంకా పెంచితే ముందుగా ఆ టిక్ మిగతా శబ్దంలో కలిసిపోతుంది. తర్వాత గుద్దు మెత్తబడుతుంది. చివరకు నిశ్శబ్దం ఉండాల్సిన చోట బుస్సుమని హిస్ వచ్చేస్తుంది. టిక్ కలిసిపోవడం మొదలైన చోటు గుర్తుపెట్టుకుని, అక్కడినుంచి కొంచెం వెనక్కి రండి. మీ గెయిన్ అదే.

ఎందుకిలా? 12ఏఎక్స్7 ట్యూబు ఒక్కోటీ చిన్న సిగ్నల్‌ను చాలా రెట్లు పెంచగలదు. అవి ఒకదాని వెనక ఒకటి ఉన్నప్పుడు తరంగం పైభాగం, కిందిభాగం నరికేసినట్టు చదునవుతాయి. గట్టిగా కొట్టినా, మెల్లగా కొట్టినా తరంగం ఎత్తు ఒకటే. అలా చదును కావడమే డిస్టార్షన్, అదే మనకు కావాల్సింది కూడా. కానీ హద్దు దాటితే పిక్ దెబ్బకూ, దాని వెనక వచ్చే మోతకూ తేడా లేకుండా పోతుంది. రిఫ్‌లోని లయ వినేవాడికి తెలిసేది ఆ తేడా వల్లే.

రికార్డింగ్‌లో ఇంకా తగ్గించాలి. రిథమ్ భాగాన్ని రెండుసార్లు విడివిడిగా వాయించి ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పెట్టడం మామూలు పద్ధతి. రెండూ కలిసేసరికి గెయిన్ దానంతటదే ఎక్కువగా అనిపిస్తుంది. ఒక్క ట్రాక్ విడిగా విన్నప్పుడు కొంచెం పలచగా ఉందనిపించినా కంగారు పడక్కర్లేదు.

రోట్లోకి వెళ్లే బాస్‌ను ముందే తగ్గించండి

హై-గెయిన్ ఆంప్‌ల గురించి నేను ఒక్క మాటే చెప్పాలంటే ఇదే చెబుతాను. డిస్టార్షన్‌కు ముందు బాస్ ఎక్కువుంటే, ఆ పెద్ద తరంగాలే ట్యూబులను ముందుగా నింపేస్తాయి, మిగతా స్వరాలన్నీ వాటి మీద ఊగిసలాడతాయి. పామ్ మ్యూట్ బిగువుగా తెగకుండా బుడబుడమంటుంది. 6505లో లో నాబ్ గెయిన్ స్టేజీల తర్వాత ఉంటుంది. దాన్ని 0కు తిప్పినా లోపల జరిగిన గజిబిజి అలాగే ఉంటుంది, దాని బరువు మాత్రమే తగ్గుతుంది.

అందుకే ఆంప్ ముందు ట్యూబ్ స్క్రీమర్ పెడతారు. 1970ల చివర్లో ఐబనెజ్ పేరుతో వచ్చిన ఈ ఆకుపచ్చ పెడల్‌ను మెటల్ వాయించేవాళ్లు డిస్టార్షన్ కోసం వాడరు. డ్రైవ్ 0, లెవెల్ పూర్తిగా, టోన్ మధ్యలో. ఆ పెడల్ సర్క్యూట్ దాదాపు 720 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని క్రమంగా తగ్గించి, మిడ్‌ను ముందుకు తోస్తుంది. కింది ఇ తీగ 82 హెర్ట్జ్, డ్రాప్ సీలో 65. ఈ అడుగు బరువు తగ్గి ట్యూబులకు వెళ్తుంది కాబట్టి ప్రతి దెబ్బా తెగినట్టు వస్తుంది. బాస్ (Boss) కంపెనీ ఎస్‌డీ-1 పెడల్ కూడా ఇదే పని చేస్తుంది, ధరా తక్కువే. పెడల్ పెట్టాక ప్రీ గెయిన్ ఒక అంకె తగ్గించండి, అది మరిచిపోతే హిస్ రెట్టింపవుతుంది.

పోయిన బాస్ ఎలా తిరిగొస్తుందంటే, తర్వాత పెంచుకోవడమే. లో నాబ్ ఉంది, పవర్ ఆంప్‌లో రెజొనెన్స్ ఉంది. డిస్టార్షన్ అయిపోయాక పెంచిన బాస్ నిండుగా ఉంటుంది, బిగువు చెడదు.

మీది మెసా బూగీ మార్క్ సిరీస్ అయితే లెక్క తిరగబడుతుంది. అందులో బాస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌లు గెయిన్ స్టేజీలకు ముందే ఉంటాయి. అందుకే వాటి మీద బాస్‌ను 1, 2 దగ్గరే ఉంచి, ట్రెబుల్ బాగా పెంచి, చివర్లో ఉండే ఐదు స్లైడర్ల ఈక్వలైజర్‌తో కింద నింపుకుంటారు. 6505 సెట్టింగ్ చూసి మార్క్ ఆంప్ మీద బాస్ 6 పెడితే ఏమీ వినపడదు, బురదే. మార్షల్ జేసీఎం800, మెసా రెక్టిఫయర్ మాత్రం 6505 దారిలోనివే, టోన్ నాబ్‌లు గెయిన్ తర్వాత ఉంటాయి. జేసీఎం800లో గెయిన్ స్టేజీలు తక్కువ, నేటి మెటల్‌కు దాన్ని వాడాలంటే ముందు బూస్ట్ పెడల్ ఉండాల్సిందే.

మిడ్, తర్వాత హై

మిడ్‌ను 5 నుంచి మొదలుపెట్టి డ్రమ్మర్, బాసిస్ట్ వాయిస్తుండగా సెట్ చేయండి. ఒక్కరే ఉంటే ఏదైనా డ్రమ్ ట్రాక్ పెట్టుకోండి. 6 దగ్గర విడిగా ముక్కుతో మాట్లాడినట్టు ఉన్నా, బ్యాండ్‌లో అదే సరిగ్గా సరిపోతుంది. ఇద్దరు గిటారిస్టులున్న బ్యాండ్‌లో ఒకరు మిడ్ కాస్త ఎక్కువ, ఇంకొకరు కాస్త తక్కువ పెట్టుకుంటే ఇద్దరూ వినపడతారు. 3 కిందకు మాత్రం దించొద్దని నా గట్టి సలహా.

ఈ మూడు నాబ్‌లూ ఒకదానిమీద ఒకటి ఆధారపడిన సర్క్యూట్. హై పెంచితే మిడ్ ప్రభావం కూడా మారుతుంది. ఒకటి తిప్పాక మిగతా రెండూ మళ్లీ వినాలి.

హై, ప్రెజెన్స్ రెండూ ఒకేలా అనిపిస్తాయి కానీ పనిచేసే చోట్లు వేరు. హై ప్రీ ఆంప్‌లోది. ప్రెజెన్స్ పవర్ ఆంప్‌లోని ఫీడ్‌బ్యాక్‌ను మార్చి, ఇంకా పైనున్న అంచును ముందుకు తెస్తుంది. పిక్ దెబ్బ మసకగా ఉంటే ప్రెజెన్స్ పెంచండి. చెవిలో గుచ్చుకుంటుంటే ముందు హై తగ్గించి చూడండి. రెజొనెన్స్ కూడా ఆ ఫీడ్‌బ్యాక్‌లో భాగమే, అడుగున క్యాబినెట్ ఊగే చోట పనిచేస్తుంది. బాస్ గిటారు ఉన్నప్పుడు దాన్ని 4, 5 దాటించకండి. ఇంట్లో విన్న ఆ అడుగు మోత వేదిక మీద బాసిస్ట్ సొంతం.

ఎక్కడ నిలబడి వింటున్నారు?

పన్నెండు అంగుళాల స్పీకర్ పై ఫ్రీక్వెన్సీలను టార్చ్‌లైటులా నేరుగా ముందుకే విసురుతుంది. క్యాబినెట్ నేల మీద ఉండి మీరు దాని ముందే నిలబడితే ఆ పదునంతా మోకాళ్లకు తగులుతుంది, చెవికి మసకగా చేరుతుంది. అలా విని హై పెంచుకుంటూ పోతే ముందు వరసలో కూర్చున్నవాళ్ల చెవులు చిల్లులు పడతాయి. టోన్ సెట్ చేసేటప్పుడు రెండు మీటర్లు వెనక్కి జరిగి, కూర్చుని, చెవి స్పీకర్ ఎత్తుకు వచ్చేలా వినండి. లేదంటే క్యాబినెట్‌ను స్టాండ్ మీద పెట్టండి. సౌండ్ ఇంజనీర్ మైకు పట్టుకునేది కూడా ఆ శబ్దాన్నే.

మైకు పెట్టేటప్పుడు ష్యూర్ ఎస్ఎం57 చాలు. 1965 నుంచి గిటారు క్యాబినెట్ల ముందు అదే ఎక్కువగా ఉంటోంది. గ్రిల్ గుడ్డకు దాదాపు ఆనించి, స్పీకర్ మధ్యలోని గుండ్రటి మూత అంచు, కోన్ కలిసే చోటికి గురిపెట్టండి. అక్కడినుంచి మధ్యకు రెండు సెంటీమీటర్లు జరిపితే పదును పెరుగుతుంది, బయటికి జరిపితే మెత్తబడుతుంది. హై నాబ్‌ను రెండంకెలు తిప్పినా అంత మార్పు రాదు. అందుకే మైకు పెట్టాక టోన్ నచ్చకపోతే ఆంప్ ముట్టుకోకుండా ముందు మైకు జరపండి.

హిస్, హమ్

నాయిస్ గేట్ (వాయించనప్పుడు శబ్దాన్ని ఆపేసే పెడల్) అవసరమే, కానీ గెయిన్ తగ్గించాక. బాస్ (Boss) కంపెనీ ఎన్ఎస్-2 లాంటి పెడల్‌ను నాలుగు కేబుళ్లతో కలిపే పద్ధతి బాగా పనిచేస్తుంది. గిటారు గేట్‌లోకి, గేట్ సెండ్ ఆంప్ ఇన్‌పుట్‌లోకి, ఆంప్ ఎఫెక్ట్స్ లూప్ (ప్రీ ఆంప్‌కు, పవర్ ఆంప్‌కు మధ్య ఉండే జాక్‌లు) సెండ్ గేట్ రిటర్న్‌లోకి, గేట్ అవుట్‌పుట్ లూప్ రిటర్న్‌లోకి. గేట్ గిటారు శుభ్రమైన సిగ్నల్‌ను వింటూ, ప్రీ ఆంప్ హిస్‌ను అవతల కోసేస్తుంది. చేయి తీగల మీద ఆనించినప్పుడు నిశ్శబ్దం వచ్చే వరకు థ్రెషోల్డ్ పెంచి ఆపండి. తర్వాత ఒక కార్డ్ కొట్టి వదిలేసి చివరిదాకా వినండి. అది మధ్యలో తెగిపోతే గేట్ ఎక్కువైనట్టు.

గేట్‌కు లొంగకుండా వాయించేటప్పుడు కూడా వినిపించే హమ్ ఉంటే, గిటారు వాల్యూమ్ సున్నా చేసి చూడండి. అప్పుడు పోతే అది గిటారు నుంచో దగ్గర్లోని లైటు డిమ్మర్, మొబైల్ ఛార్జర్ నుంచో వస్తున్నట్టు. పోకపోతే ఎర్తింగ్, పెడల్ అడాప్టర్, ఆ తర్వాతే ట్యూబులు అనుమానించండి.

ట్యూబుల దగ్గరకు చివర్నే వెళ్లండి

పై పనులన్నీ అయ్యాకే ట్యూబులు మార్చాలా అని ఆలోచించండి. ఆంప్ ఆపి, చల్లారాక, ఇన్‌పుట్ దగ్గరి మొదటి 12ఏఎక్స్7 తీసి 5751 పెడితే, దాని యాంప్లిఫికేషన్ దాదాపు 70 మాత్రమే, 12ఏఎక్స్7ది 100. గెయిన్ నాబ్ కింది సగం ఇంకా నెమ్మదిగా, పనికొచ్చేలా మారుతుంది. వాయిస్తుంటే కూత పెట్టే ట్యూబును కనిపెట్టాలంటే, ఆంప్ ఆన్‌లో ఉండగా పెన్సిల్ వెనకభాగంతో ఒక్కోదాన్ని మెల్లగా తట్టండి. స్పీకర్‌లో ఠంగుమని గట్టిగా మోగేదే మార్చాల్సింది.

పవర్ ట్యూబులు మాత్రం నాలుగూ ఒకేసారి, మ్యాచ్ చేసిన సెట్ కొనండి. 6505లో బయాస్ (వాయించనప్పుడు పవర్ ట్యూబుల్లో ఎంత కరెంటు పారాలో నిర్ణయించే అమరిక) సర్దుకునే ఏర్పాటు బయట లేదు, ఫ్యాక్టరీ సెట్టింగ్ చాలా చల్లగా, అంటే ఆ కరెంటు తక్కువగా, ఉంటుంది. ఆ గరుకుదనం ఈ ఆంప్ శబ్దంలో భాగమే కాబట్టి చాలామంది అలాగే వదిలేస్తారు. మార్పించాలనుకుంటే ట్యూబ్ ఆంప్‌లు బాగుచేసిన అనుభవం ఉన్న టెక్నీషియన్ చేతికే ఇవ్వండి. ఛాసిస్ లోపల 400 వోల్టుల పైనే ఉంటాయి, ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో ఆ ఛార్జ్ చాలాసేపు నిలిచి ఉంటుంది. వెనక గ్రిల్ తీసి ట్యూబు మార్చడం మీ పని, ఛాసిస్ స్క్రూలు విప్పడం కాదు.